మూడు వేళ్ల గ్లాసు

నేను విస్కీ చుక్క నాలుక మీద వేసుకున్న మనిషిని కాను. మా అత్తా అంతే. అయినా ఒకప్పుడు పెనుకొండలో గానీ ధర్మవరంలో గానీ విస్కీ తాగే పెద్దమనుషులకు మంచి గ్లాసు కావాలంటే, రైలెక్కి హిందూపురంలో మా అంగడికే వచ్చేవాళ్లు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. గర్వమే ఉంది.

మాది మామ కాలం నుంచీ గాజుల అంగడి. బజారులో, చింతపండు మండీలకు పోయే దారిలో ఉండేది. యాభైల్లో నేను కోడలిగా వచ్చేసరికే మామ పోయాడు. మా ఆయన గాజులతో బాటు లాంతరు చిమ్నీలు, ఊరగాయ జాడీలు, సీసాలు, గ్లాసులు కూడా తెచ్చి అంగడి పెద్దది చేశాడు. ఎడమ పక్క గాజుల దగ్గర అత్త కూర్చునేది. కుడి పక్క గాజు సామాను మా ఆయన చూసుకునేవాడు. నేను ఇంట్లో వంటావార్పూ చూసుకుంటూ, పండగ రోజుల్లో మాత్రం అత్తకు సాయంగా పోయేదాన్ని.

అత్త చేతికి ఒక గొప్ప విద్య ఉండేది. గాజులు వేయించుకోవడానికి వచ్చిన మనిషి చేయి ఒకసారి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి కింద మెత్తగా నొక్కి, "నీకు రెండుంబావు" అనేది. అంతే. కొలత తప్పేది కాదు. ఆ సైజు గాజులే ఎక్కించేది. ఒక్క గాజు చిట్లేది కాదు, చేయి గీసుకునేది కాదు. పల్లెల నుంచి పెళ్లికూతుళ్లను బండ్లు కట్టుకుని ఆమె దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. "చెయ్యి ఒగ మాట చెప్తాదే. వినల్ల," అని నాకు చెప్పేది. ఆమె ఏం వింటుందో నాకు మొదట్లో తెలిసేది కాదు.

అరవైల మొదట్లో ఒక సంవత్సరం మా ఆయన అటక మీది నుంచి చిమ్నీల పెట్టె దించుతూ నిచ్చెన జారి పడ్డాడు. కాలు విరిగింది. కట్టు కట్టి మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. అంగడి కుడి పక్క ఖాళీగా పెట్టలేక నేను పోయి కూర్చున్నాను. అత్తకు అది నచ్చలేదు.

"ధర చెప్పు, కాయితం చుట్టియ్యి. మొగోళ్లతో ఇంకో మాట మాట్లాడొద్దు," అంది.

సరే అన్నాను. పది పదిహేను రోజులు అట్లే గడిచాయి.

ఒక పూట పదకొండు గంటలప్పుడు అరవై దాటిన పెద్దాయన ఒకరు అంగడి మెట్టెక్కాడు. తెల్లని పంచె, ఇస్త్రీ చొక్కా, మెరుస్తున్న బూట్లు. మీసం రెండు పక్కలా దువ్వి కొసలు పైకి తిప్పి ఉంది. ఆ మీసం చూస్తేనే మిలిటరీ మనిషని తెలుస్తోంది. కుడి చేయి కండువా కింద దాచుకుని, ఎడమ చేత్తో జేబులోంచి రుమాలు మూట తీసి గల్లా మీద పెట్టాడు. విప్పితే లోపల ఒక గ్లాసు అడుగు. మందంగా ఉంది. పైభాగమంతా విరిగిపోయింది.

"ఇట్లాంటి గ్లాసు కావల్లమ్మా," అన్నాడు.

"దేనికి సామీ? మజ్జిగకా, షర్బత్తుకా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. బజారు వైపు ఒకసారి చూశాడు. "మీ ఇంటాయన లేడా?"

"కాలిరిగి ఇంట్లో ఉండాడు సామీ. నాతో చెప్పండి."

"మళ్లొస్తాలేమ్మా," అని మూట కట్టబోయాడు. అప్పుడు కండువా కింది నుంచి కుడి చేయి బయటికొచ్చింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. ఉన్న మూడు వేళ్లతో ముడి వేయబోయాడు. రుమాలు ముడి పడలేదు, గాజు ముక్క గల్లా అంచు మీదికి దొర్లింది. నేను గబుక్కున పట్టుకున్నాను. అంచు తగిలి నా బొటనవేలు తెగింది. రక్తం చూసి ఆయన నాకంటే ఎక్కువ గాభరా పడ్డాడు. ఆ పక్క నుంచి అత్త లేచొచ్చి గుడ్డపేలిక చుట్టింది. ఆ హడావుడిలో ఆయన బిడియం కాస్త తగ్గింది.

"విస్కీకమ్మా. దాచేదేముండాది, నాకు పర్మిట్టు ఉండాది," అన్నాడు.

అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. డాక్టరు రాసిచ్చిన కాయితం మీద పర్మిట్టు ఉన్నవాళ్లే ఇంట్లో సీసా పెట్టుకోవాలి. పర్మిట్టు ఉన్నా సరే, ఆ మాట బజారులో పైకి అనడానికి మర్యాదస్తులు వెనకాడేవాళ్లు. అందునా ఒక ఆడమనిషి ముందు. అత్త ముఖం ముడుచుకుని తన చోటికి పోయి కూర్చుంది. కానీ చెవులు ఈ పక్కే ఉన్నాయని నాకు తెలుసు.

ఆయన పెనుకొండ మనిషి. సుబేదారుగా పనిచేసి వచ్చాడు. రెండు వేళ్లు బర్మా యుద్ధంలో పోయాయి. ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు ఆయన పైఆఫీసరు ఆరు గ్లాసులు బహుమతిగా ఇచ్చాడట. ఇన్నేళ్లలో ఒక్కొక్కటీ పగిలిపోయి, ఆఖరుది ఆ ముందు వారం చేయి జారి పడింది.

"ఇప్పుడు దేంట్లో తాగుతాండారు సామీ?" అని అడిగాను. అత్త దగ్గింది. నేను వినపడనట్టు ఉన్నాను.

"ఇత్తడి లోటాలోమ్మా. దాంట్లో ఎంత పోసుకుంటినో కనపడదు. గ్లాసులో ఐతే రెండు వేళ్లెత్తు పోసుకుంటా. ఇన్నేండ్లలో అంతకు మించి ఏ పొద్దూ తాగిండ్లేదు. మొన్న లోటాలో నాలుగు వేళ్లెత్తు పోసుకున్నా. తాగినాంక తెలిసింది." ఆయన తల వంచుకున్నాడు. "నా భార్య ఏమీ అనలేదు. అంటే బాగుండు."

ఆయన అడిగేది తాగడానికి సౌకర్యం కాదని నాకు అర్థమైంది. ఎక్కడ ఆపాలో కంటికి కనిపించే వస్తువు కావాలి ఆయనకు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. మా అంగడిలో ఉన్నవాటిలో ఎక్కువ ఖరీదు గ్లాసు, పై వరుసలో గుడ్డ కప్పి పెట్టింది, దించాను. చుట్టూ పూలచెక్కడం, పై నుంచి అడుగు దాకా మందం గాజు. గోటితో మీటితే గుడి గంట దూరం నుంచి వినపడినట్టు మోగేది. అది నాకు ఇష్టమైన గ్లాసు. ఎవరూ కొనకపోతే బాగుండని కూడా అనుకునేదాన్ని.

"దీన్ని మించింది హిందూపురంలో దొరకదు సామీ," అన్నాను. ఆయన వెలుతురుకు పెట్టి చూసి, సంతోషంగా తీసుకుపోయాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి మా ఆయనకు ఎంతో గొప్పగా చెప్పాను.

నాలుగో రోజు ఆయన మళ్లీ వచ్చాడు. అదే రుమాలు, లోపల అదే గ్లాసు. శుభ్రంగా కడిగి తెచ్చాడు. ఒక్క గీత లేదు.

"శానా మంచి గ్లాసమ్మా. నాకు తగింది కాదు, అంతే."

"ఏమైంది సామీ? చెప్పండి."

గ్లాసును మళ్లీ రుమాల్లో చుట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. సాయంత్రం పూట ఆయన వసారాలో ఇద్దరు స్నేహితులు వచ్చి కూర్చుంటారు. ఒకరు రిటైరైన బడి మాస్టరు, ఇంకొకరు స్టేషను మాస్టరు. వాళ్లు కాఫీ తాగుతారు, ఈయన తన గ్లాసు. ఆ పూట ఈ బరువు గ్లాసు ఎత్తేటప్పుడు ఒక పక్కకు వాలింది. మీసమంతా తడిసింది, చొక్కా మీద ఒలికింది.

"రెండోసారి ఎత్తేటప్పుడు బడి మాస్టరు నా చెయ్యి కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడమ్మా. మంచి మనసుతోనే పట్టుకున్నాడు. చిన్నబిడ్డకు పాలు తాపినట్ల." ఆయన కుడి చేయి కండువా కిందికి లాక్కున్నాడు. "ఆ పొద్దు నుంచి వాళ్లొస్తే నేను గ్లాసు ముట్టుకోలేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను ఆయనకు గ్లాసు చూపించలేదు, నా ముచ్చట చూపించుకున్నాను. ఆయన చేయి నేను చూడనే లేదు. చూడటం మర్యాద కాదని కళ్లు పక్కకు తిప్పుకున్నాను.

అప్పుడు అత్త లేచింది. గాజుల పెట్టె మూసి, కొంగు బిగించుకుని, వచ్చి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇట్లియ్యప్పా చెయ్యి," అంది.

ఆయన బిత్తరపోయాడు. "ఏమిటికమ్మా?"

"ముసిలిదాన్ని. నాకేం సిగ్గు. ఎన్ని వేల చేతులు చూసినానో. ఇయ్యి."

సుబేదారు చేయి చాచాడు. అత్త ఆ మూడు వేళ్ల చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలు వంచి చూసింది. చూపుడు వేలు, నడిమి వేలు విడదీసి, మళ్లీ దగ్గర పెట్టి చూసింది. వేళ్లు లేని చోట, ముడతపడిన చర్మం మీద మెత్తగా నొక్కింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ చోటు ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్లయిందో.

"నొప్పుండాదా?"

"లేదమ్మా."

"చలికాలం?"

"రొంత లాగుతాది."

అత్త తల ఊపి నా వైపు తిరిగింది. "ఇనుకో. బొటనేలు గట్టిగుండాది. ఈ రెండు వేళ్లూ కలిసి ఒక వేలు మాదిరే పనిచేస్తాయి. మనమంతా గ్లాసు పట్టుకుంటే చిటికెనేలు అడుక్కు ఆనిస్తాము. ఈయప్పకు ఆ ఆసరా లేదు. ఆ ఆసరా గ్లాసే ఇయ్యల్ల. నడుము కాడ లోపలికి నొక్కినట్లుండల్ల, వేలు ఆడ కూచుంటాది. బరువంతా అడుగున ఉండల్ల, పైన తేలిగ్గుండల్ల. మూతి ఎడల్పుండల్ల, ఆ మీసానికి."

మీసం మాటకు సుబేదారు నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

మా అంగడిలో అట్లాంటి గ్లాసు లేదు. వరుసలన్నీ వెతికాను. అన్నీ షర్బత్తు గ్లాసులే, పొడుగ్గా, పూలు వేసినవి. "ఒక వారం టైమియ్యండి సామీ," అన్నాను. ఆయన వెళ్లాక అత్త అంది, "బెంగుళూరికి పోవల్ల." మా ఆయన మంచం మీద ఉన్నాడు. నేనెప్పుడూ సరుకు కొనడానికి పోయింది లేదు. మామ ఉన్న రోజుల్లో అత్త ఒకసారి పోయిందట, అంతే. అయినా మర్నాడు పొద్దున్నే చిత్రాన్నం మూట కట్టుకుని ఇద్దరమూ బెంగుళూరు రైలెక్కాము.

అక్కడ పాత బజారు పేటలో మా ఆయన సరుకు తెచ్చే టోకు వర్తకుడి గోడౌను ఉంది. ఇద్దరు ఆడవాళ్లు రావడం చూసి ఆయన కుర్చీలు వేయించాడు, మర్యాదగానే. కానీ అత్త కూర్చోలేదు. గాజులు కట్టే నాడా ముక్క తీసి, "కట్టవే," అని నాకిచ్చి తన కుడి చేయి చాచింది. చిటికెన వేలు, ఉంగరం వేలు అరచేతికి వంచి బిగించి కట్టమంది. కట్టాను. వర్తకుడు చూసి, చేయి నొప్పేమోననుకుని కన్నడంలో, "ఏనమ్మా, కై నోవా?" అన్నాడు.

"నోవూ లేదు గీవూ లేదు. రొంత గట్టి అడుగున్న గ్లాసులన్నీ తియ్యప్పా. ఒగ బిందె నీళ్లు కూడా తెప్పియ్యి."

ఆయన తలుపు దగ్గరున్న గుమాస్తా ముఖం చూశాడు, గుమాస్తా ఆయన ముఖం చూశాడు. కానీ నీళ్లు వచ్చాయి. గ్లాసులూ వచ్చాయి.

నేను ఒక్కో గ్లాసులో రెండు వేళ్లెత్తు నీళ్లు పోసేదాన్ని. అత్త మూడు వేళ్లతో ఎత్తి, నోటిదాకా తీసుకుపోయి, దించేది. ఒకటి జారింది. ఒకటి వాలింది. ఒకటి ఎత్తడానికి బాగుంది గానీ దించేటప్పుడు ఠక్కున కొట్టుకుంది. "దించేటప్పుడు సప్పుడైతే పక్కనోళ్లు చూస్తారు," అని అది పక్కన పెట్టింది. బంగారు గీతల గ్లాసులు, రంగు గ్లాసులు, కాడ మీద నిలబడే గ్లాసులు, అన్నీ చూసింది. మధ్యాహ్నానికి గోడౌను నేల తడిసి ముద్దయింది. అత్త చీర కూడా తడిసింది. చేయి నొప్పి పుట్టి ఉంటుంది, ఒప్పుకోలేదు. నేను కట్టించుకుంటానన్నా నాడా విప్పనివ్వలేదు.

"నీ చేతికి వయసుండాది. ఆయప్ప వయసు నాదే. నేనే చూడల్ల."

చిత్రాన్నం తిన్నాక, వర్తకుడే ఏదో గుర్తొచ్చినట్టు లోపలి నుంచి ఒక పాత పెట్టె తీయించాడు. గడ్డిలో ఎనిమిది గ్లాసులు. పొట్టిగా ఉన్నాయి. ఏ బొమ్మా లేదు, ఏ గీతా లేదు. అడుగు బొటనవేలంత మందం. నడుము దాకా ఎనిమిది పలకలు, నడుము దగ్గర చిన్నగా లోపలికి వంపు, పైన మాత్రం గోడ పలచన, మూతి వెడల్పు. చూడటానికి సాదాగా ఉన్నాయి, ఎవరూ అడగరని మూలన పడేశారట.

అత్త ఎత్తింది. నడిమి వేలు ఆ వంపులో దానంతటదే కూర్చుంది. నోటిదాకా తీసుకుపోయింది. నీళ్లు కదల్లేదు. దించింది. చప్పుడు లేదు. మళ్లీ ఎత్తి గోడౌనులో ఆ చివరి దాకా నడిచి వచ్చింది.

"ఇదే," అంది. మూడేళ్ల పిల్లలాగా నవ్వింది.

తర్వాతి పని నాది. ఒక్కోదాన్నీ వెలుతురుకు పెట్టి లోపల బుడగలున్నాయేమో చూశాను. గోటితో మీటి ఎక్కడైనా చిట్లిందేమో విన్నాను. మూతి నా పెదవికి ఆనించి చుట్టూ తిప్పాను. రెండింటికి అచ్చులో పోసినప్పటి అతుకు గీత మూతి దాకా వచ్చి పెదవికి తగిలింది. ఆ రెండూ వదిలేసి ఆరు తీసుకున్నాను. వర్తకుడు అప్పటిదాకా అత్తతోనే మాట్లాడుతున్నవాడు, ఆ రెండు గ్లాసులూ తనూ పెదవికి ఆనించి చూసి, "సరిగ్గా చెప్పినారమ్మా," అని నాతో అన్నాడు. నాకు రైల్లో కూడా ఆ మాటే చెవిలో ఉంది.

గడ్డి వాసన పోయేదాకా వేడినీళ్లలో మూడుసార్లు కడిగాను. విస్కీకి వాసన ముఖ్యమని సుబేదారు చెప్పి ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం అత్తా నేనూ పెనుకొండ పోయాము. స్టేషను నుంచి జట్కాలో వెళ్లాము. కోట కొండ కనిపించే వీధిలో ఆయన ఇల్లు, ముందు పెద్ద వసారా. ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చి, లోపలికి పిలిచి, "వారం నుంచి సరిగ్గా బువ్వ తినలేదమ్మా. సాయంత్రమైతే వసారాలోకి రాకుండా లోపలే కూచుంటాండాడు," అని చెప్పింది.

సుబేదారు గ్లాసు చూసి పెద్దగా ఏమీ అనలేదు. పూలు లేవని చిన్నబోయాడేమో అనుకున్నాను. నీళ్లు పోసి ఇవ్వబోతే అత్త ఆపింది.

"నీళ్లతో మేము చూసినాము. ఆ సీసా తెప్పియ్యప్పా. దాంతోనే చూడల్ల."

"మీ ముందర తాగేది బాగుండదమ్మా."

"తాగొద్దు. ఎత్తి చూపియ్యి చాలు."

భార్య సీసా తెచ్చింది. ఆయన ఎడమ చేత్తో పోశాడు. రెండు వేళ్లెత్తు. పలచటి తేనె రంగు. ఎండ పడి పలకలన్నీ మెరిశాయి. మందం అడుగు మీద విస్కీ ఎత్తు ఎంత స్పష్టంగా నిలబడిందంటే, వీధిలో పోయేవాళ్లు కూడా ఎంత పోశాడో చెప్పగలరు. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి చూస్తోంది.

ఆయన కుడి చేయి చాచాడు. మూడు వేళ్లూ గ్లాసు చుట్టూ పడ్డాయి. నడిమి వేలు వంపులో కూర్చోవడం నాకు కనిపించింది. ఎత్తాడు. మీసం దాకా తీసుకుపోయి ఆపాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి గ్లాసు చేతిలోనే ఉంచుకుని లేచి నిలబడ్డాడు. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు, వెనక్కి తిరిగి నడిచొచ్చాడు. బూట్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఒక్క చుక్క ఒలకలేదు.

గ్లాసు బల్ల మీద పెట్టాడు. నిటారుగా నిలబడి, ఆ మూడు వేళ్ల చేతిని నుదుటి దగ్గరికి తీసుకుపోయి అత్తకు సెల్యూట్ కొట్టాడు.

అత్త కొంగు సర్దుకుంది. "బాగుండప్పా," అంది. భార్య లోపలికి పోయి కళ్లు తుడుచుకుని వచ్చింది. నా సంగతి చెప్పాలంటే, నా పెళ్లిలో కూడా నేనంత గర్వంగా కూర్చోలేదు. ఒక మనిషి తన వసారాలో తన స్నేహితుల మధ్య మళ్లీ తల ఎత్తుకుని కూర్చుంటాడు. అది మా చేతి మీదుగా జరిగింది.

తిరుగు రైల్లో పక్కన కూర్చున్న ఒకామె మాది ఏ ఊరని అడిగితే అత్త అంది, "హిందూపురమమ్మా. నా కోడలు గ్లాసుల అంగడి చూస్తాది." గాజుల అంగడి అనలేదు.

సుబేదారు గ్లాసు సంగతి స్టేషను మాస్టరు నోట రైలు దారంతా పాకింది. కొందరు ఊరికే చూడటానికి వచ్చారు, కొందరు కొన్నారు. ఎవరు వచ్చినా నేను మూడు సంగతులు అడిగేదాన్ని: ఏ చేత్తో పట్టుకుంటారు, కూర్చుని తాగుతారా నిలబడా, నీళ్లు కలుపుకుంటారా లేదా. నీళ్లు ఎక్కువ కలుపుకునేవాళ్లకు కాస్త ఎత్తుగా ఉన్నది ఇచ్చేదాన్ని. కలుపుకోని వాళ్లకు పొట్టిది. మొదట నవ్వేవాళ్లు. తీసుకుపోయిన వాళ్లలో ఎవరూ తిరిగి తేలేదు.

కొన్ని నెలలకు ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వర్తకుడు కబురు పంపాడు. ఆయన ఇంటికి దూరపు నగరాల నుంచి పెద్ద వర్తకులు వస్తారట, పర్మిట్లున్నవాళ్లు. ముప్పయ్యారు గ్లాసులు కావాలి. కాడ మీద నిలబడేవి, మూతికి బంగారు గీత ఉన్నవి. అప్పటికి మా ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అంత పెద్ద బేరం మా అంగడికి ఎన్నడూ రాలేదు. "ఆయనడిగిందే ఇచ్చేద్దాం," అన్నాడు.

"వాళ్లు యాడ కూచుంటారో చూడకుండా ఎట్లిస్తాము?" అన్నాను.

ఆయన విసుక్కున్నాడు. కానీ వచ్చాడు. ఇద్దరమూ బంగారు గీతల గ్లాసులు రెండు, పలకల గ్లాసులు రెండు గడ్డిలో చుట్టుకుని ధర్మవరం పోయాము.

వర్తకుడు మంచి మనిషి. మమ్మల్ని చీరలు చూపించే పెద్ద గదిలోకే తీసుకుపోయాడు. గోడ నుంచి గోడకు పరుపులు, తెల్లని దుప్పట్లు, ఆనుకోవడానికి బాలీసులు. బంగారు గీత గ్లాసు చూడగానే ఆయన ముఖం వెలిగింది. పలకల గ్లాసును ఒక వేలితో పక్కకు జరిపాడు.

"ఇది మా ఇంట్లో మజ్జిగ తాగే దాని మాదిరి ఉండాదమ్మా. వచ్చేటోళ్లు పెద్దోళ్లు. సూపుకు బాగుండల్ల గదా."

"మీరు విస్కీ తాగుతారా సామీ?"

"అయ్యో, లేదమ్మా. వాసన కూడా పడదు."

"నేనూ అంతే సామీ," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ విషయంలో ఇద్దరమూ సమానమే. "వాళ్లు కూచునేది ఈ గదిలోనేనా?"

"ఈడనే. చీరలు పరుస్తాము, చూస్తారు, మాట్లాడుకుంటారు, తాగేటోళ్లు తాగుతారు."

నేను బంగారు గీత గ్లాసులో నీళ్లు పోసి ఆయన చేతికిచ్చాను. "కూచోండి సామీ. రొంతసేపు పట్టుకోండి. చీర చూడల్లంటే ఏం చేస్తారు? గ్లాసు పక్కన పెడతారు గదా. పెట్టండి."

ఆయన పరుపు మీద పెట్టాడు. చేయి తీశాడో లేదో గ్లాసు మెల్లగా వాలి పడిపోయింది. తెల్లని దుప్పటి మీద నీళ్లు పాకాయి. మా ఆయన "అయ్యయ్యో" అని కర్ర వదిలేసి వంగబోయాడు. వర్తకుడు కదల్లేదు. ఆ తడిని చూస్తున్నాడు.

"ఇవి ఉత్త నీళ్లు సామీ," అన్నాను. "ఆ పొద్దు ఈడ పట్టుచీరలు పరిచింటారు గదా."

పలకల గ్లాసులో నీళ్లు పోసి అదే చోట పెట్టాను. పరుపు కొంచెం దిగింది, గ్లాసు కూర్చుంది. ఆయన పక్కన మోకాలితో నొక్కి చూశాడు. చేత్తో పరుపు కుదిపి చూశాడు. నీళ్లు అల్లాడాయి, గ్లాసు పడలేదు. ఆయన దాన్ని తీసుకుని, చీర జరీ చూసినట్టు, వెలుతురు పక్కకు తిప్పి తిప్పి చూశాడు.

"పైగా సామీ, ఆ బంగారు గీత బూడిదతో పదిసార్లు తోమితే పోతాది," అన్నాను.

"మన జరీ పోదమ్మా," అన్నాడు, ఉన్నట్టుండి, జరీ పోతుందని ఎవరో అన్నట్టు. తర్వాత గట్టిగా నవ్వి, "ఇవే ముప్పయ్యారు పంపియ్యి. ఎన్ని దినాలైనా సరే, ఇవే," అన్నాడు.

ఆ గ్లాసుల కోసం బెంగుళూరు వర్తకుడు వేరే ఊళ్లకు రాసి తెప్పించాల్సి వచ్చింది. నెల పైన పట్టింది. ఒక్కో గ్లాసూ నేనే పెదవికి ఆనించి, అతుకు గీత తగిలినవి తీసేసి, ముప్పయ్యారూ ధర్మవరం పంపాను. వర్తకులు వచ్చిపోయాక ఆయన మనిషి చేత కబురంపాడు. ఒక్క చీర తడవలేదని, వచ్చినవాళ్లలో ఇద్దరు గ్లాసు తిప్పి చూసి ఎక్కడివని అడిగారని, హిందూపురంలో ఒకమ్మ ఏరి ఇస్తుందని చెప్పానని.

కబురు తెచ్చిన మనిషి వెళ్లాక మా ఆయన కర్రను గోడకు ఆనించి, గల్లా వెనక కూర్చుని, బెంగుళూరు వర్తకుడికి కార్డు రాయడం మొదలుపెట్టాడు. నేను చిమ్నీలు తుడుస్తున్నాను.

"ఏమని రాస్తాండావు?" అన్నాను.

"ఇంక మీద సరుకు చూసేదానికి నువ్వొస్తావని," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ నెల నుంచి కొనుగోలుకు నేనే పోతూ వచ్చాను. ఆయన కాలు బాగైంది, కర్ర కూడా వదిలేశాడు. అయినా ఎవరైనా గ్లాసు కోసం వస్తే మాత్రం లేచి, "ఉండండి, ఆమెను పిలుస్తా," అనేవాడు.